తారాపథ యాత్రికుడు – వైనూ బప్పు

పాఠ్యాంశ ఉద్దేశం

ఆధునిక భారత ఖగోళశాస్త్రానికి పునాదులు వేసిన వైనూ బప్పు జీవితాన్ని పరిచయం చేయడం, శాస్త్రజ్ఞానంతో పాటు శాస్త్ర పరికరాలను కూడ స్వదేశంలోనే నిర్మించుకోవలసిన ఆవశ్యకతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తిరుపతి జిల్లా తూర్పు అంచున పులికాట్ సరస్సు విశాలంగా పరచుకొని ఉంది. ఆ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమ ఆనకట్టవలె నిలిచిన దీవి శ్రీహరికోట. 2023 సెప్టెంబరు 2వ తేదీన ఆ దీవి నుంచి ఒక ఉపగ్రహం నింగికెగసింది. దాని పేరు ఆదిత్య-ఎల్1. భూమికి దాదాపు 15 లక్షల కిలోమీటర్ల దూరంలో నిలిచి నిరంతరం సూర్యుణ్ణి పరిశీలించడం దాని పని. సరస్సు గట్టున నిలబడి ఆకాశం వైపు చూసినవారికి ఆనాడు కనిపించింది అగ్నిశిఖ మాత్రమే. ఆ ఉపగ్రహం మోసుకొనిపోయిన పరికరాలలో ప్రధానమైనది, సూర్యుని ప్రభామండలాన్ని పరిశీలించే పరికరం, బెంగళూరులోని భారతీయ ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థ ఆధ్వర్యంలో రూపొందింది. ఆ సంస్థను తీర్చిదిద్దిన మహనీయుడు అప్పటికి నలభై ఒక్క సంవత్సరాల క్రితమే కన్నుమూశాడు. ఆయన పేరు మనాలి కల్లాట్ వైనూ బప్పు. హైదరాబాదు నగరంలో పెరిగి, నిజాం కళాశాలలో చదివి, ప్రపంచ ఖగోళ శాస్త్రజ్ఞుల సమాఖ్యకు అధ్యక్షుడైన ఆ మేధావి జీవితం నేటి విద్యార్థులు తెలుసుకోదగినది.

ఖగోళశాస్త్రం మనకు కొత్త విద్య కాదు. ఆర్యభటుడు, వరాహమిహిరుడు, భాస్కరాచార్యుడు మొదలైన వారు గ్రహగతులను గణించి సిద్ధాంతగ్రంథాలు రచించారు. మన ఇళ్లలోని పంచాంగం ఆ గణితానికి వారసత్వమే. కాని ఐరోపాలో దూరదర్శిని పుట్టి, గెలీలియో దానిని ఆకాశం వైపు తిప్పిన తరువాత ఈ శాస్త్రం దిశ మారింది. కంటికి కనిపించే నక్షత్రాల గమనాన్ని లెక్కించే స్థితి నుంచి, కంటికి కనిపించని నక్షత్రాలను వెదకి పట్టుకొనే స్థితికి అది చేరుకొన్నది. ఆ మార్పును అందిపుచ్చుకొన్నవారు మన దేశంలో పందొమ్మిదో శతాబ్దంలో కొందరే కనిపిస్తారు. మద్రాసు వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో ఒక చరతారను కనుగొన్నాడు. విశాఖపట్నంలో అంకితం వెంకట నరసింగరావు 1874లో శుక్రగ్రహం సూర్యబింబానికి అడ్డుగా సాగిన అరుదైన దృశ్యాన్ని పరిశీలించాడు. వీరి కృషి ప్రశంసనీయమైనదే. అయినా వారు వాడిన దూరదర్శినులు విదేశాలలో తయారైనవి. ఆకాశం మనది, దానిని చూసే కన్ను మాత్రం పరాయిది. ఈ లోటును తీర్చడానికే బప్పు తన జీవితాన్ని వినియోగించాడు.

బప్పు 1927 ఆగస్టు 10వ తేదీన మద్రాసులో జన్మించాడు. తల్లిదండ్రులకు ఆయన ఏకైక సంతానం. వారి పూర్వులది కేరళలోని తలశ్శేరి. తండ్రి హైదరాబాదులోని నిజామియా వేధశాలలో సహాయ ఖగోళ శాస్త్రజ్ఞుడు. అందువల్ల బప్పు బాల్యమూ విద్యాభ్యాసమూ హైదరాబాదులోనే సాగాయి.

నిజామియా వేధశాలను గురించి ఇక్కడ కొంత చెప్పుకోవాలి. నిజాం ప్రభువు కొలువులోని నవాబు జఫర్ జంగ్ అనే విద్యాభిమాని 1901లో దానిని నెలకొల్పాడు. ఆయన మరణానంతరం 1908లో నిజాం ప్రభుత్వం దానిని స్వీకరించింది. అనంతరం అది బేగంపేటకు తరలింది. ఆకాశం మొత్తాన్ని భాగాలుగా పంచుకొని, ప్రతి నక్షత్రం స్థానాన్నీ ఛాయాచిత్రాల సాయంతో నమోదు చేయాలని ఆ రోజులలో ప్రపంచంలోని పలు వేధశాలలు ఒక మహాకార్యాన్ని తలపెట్టాయి. అందులో నిజామియా వేధశాల తన వంతు ఆకాశభాగాన్ని పరిశీలించి, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలను నమోదు చేసింది. ఏళ్ల తరబడి, రాత్రి తరువాత రాత్రి, ఓపికతో చేసిన పని అది. అటువంటి చోట పెరిగిన బాలునికి నక్షత్రాలతో చెలిమి సహజంగానే ఏర్పడింది. ఇతర పిల్లలు అమ్మమ్మ ఒడిలో పడుకొని సప్తర్షులను లెక్కించే వయసులో, బప్పు దూరదర్శిని గుండా ఆకాశాన్ని చూడడం నేర్చుకొన్నాడు.

అయితే ఆయన పుస్తకాలకే అంటుకొనిపోయిన విద్యార్థి కాదు. ఆటలలో చురుకైనవాడు. చిత్రలేఖనం మీద, ఉర్దూ కవిత్వం మీద మక్కువ గలవాడు. నిజాం కళాశాలలో చదువుతున్న కాలంలోనే చరతారలను, అంటే కాంతి పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రాలను శ్రద్ధగా పరిశీలించాడు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి భౌతికశాస్త్రంలో స్నాతకోత్తర పట్టం పొందాడు.

పట్టం చేతికి వచ్చింది. కాని ఖగోళ భౌతికశాస్త్రంలో ఉన్నత పరిశోధన చేయడానికి కావలసిన అవకాశాలు అప్పటి భారతదేశంలో చాలా తక్కువ. ఆ సమయంలోనే అమెరికాలోని హార్వర్డ్ వేధశాల సంచాలకుడు హార్లో షాప్లీ మన దేశానికి వచ్చాడు. మన సూర్యుడు పాలపుంత కేంద్రంలో లేడని, కేంద్రానికి చాలా దూరంగా ఉన్నాడని నిరూపించిన ఘనుడు ఆయన. బప్పు ఆయనను కలుసుకొన్నాడు. ఆ పరిచయం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థివేతనంతో ఆయన హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాడు.

అక్కడ చేరిన కొద్ది నెలలకే ఒక విశేషం జరిగింది. 1949 జూలై 2వ తేదీన ఆకాశంలోని ఒక భాగాన్ని ఛాయాచిత్రం తీసి, ఆ గాజు ఫలకాన్ని బప్పు పరిశీలిస్తున్నాడు. నక్షత్రాలు చుక్కలవలె పడవలసిన చోట ఒక చిన్న వెలుగు చార ఆయన దృష్టిని ఆకర్షించింది. నక్షత్రాల నడుమ కదులుతున్న వస్తువేదో అక్కడ ఉన్నదని దాని అర్థం. ఆయన ఆచార్యుడు బార్ట్ బాక్, సహచర విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ ఆ పరిశీలనలో తోడ్పడ్డారు. అది అంతవరకు ఎవరూ చూడని తోకచుక్క అని తేలింది. దానికి బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్క అని పేరు పెట్టారు. సూర్యుని చుట్టూ ఒకసారి తిరిగి రావడానికి దానికి సుమారు 60,000 సంవత్సరాలు పడుతుందని గణించారు. ఈ ఆవిష్కరణకు పసిఫిక్ ఖగోళ సమాజం డోనహో తోకచుక్క పతకాన్ని ప్రదానం చేసింది. అప్పటికి బప్పుకు ఇరవై రెండేళ్లు కూడ నిండలేదు. లక్షల చుక్కల నడుమ ఒక్క చారను గుర్తించడం అదృష్టమని కొందరు అనుకోవచ్చు. కాని ప్రతి ఫలకాన్నీ అంత శ్రద్ధగా చూసే అలవాటు లేనివానికి ఆ అదృష్టం ఎదుట నిలిచినా కనిపించదు.

హార్వర్డ్‌లో డాక్టరేటు పూర్తిచేసిన తరువాత బప్పుకు కార్నెగీ పరిశోధక వేతనం లభించింది. దానితో ఆయన కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ వేధశాలలలో పనిచేశాడు. పాలోమార్‌లోని 200 అంగుళాల దూరదర్శిని ఆ కాలంలో ప్రపంచంలోకెల్లా పెద్దది. అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞునితో కలిసి ఆయన చేసిన పరిశోధన ఆయన పేరును ఖగోళశాస్త్రంలో శాశ్వతం చేసింది.

ఆ పరిశోధనను అర్థం చేసుకోవడానికి మరల పులికాట్ తీరానికి వద్దాం. చీకటి రాత్రి గట్టున నిలబడి చూస్తే దగ్గరలో ఉన్న జాలరి పడవలోని చిన్న దీపమూ, దూరాన ఉన్న దీపస్తంభపు వెలుగూ ఒకే ప్రమాణంలో ఉన్నట్లు కనిపించవచ్చు. ఏది దగ్గరిదో, ఏది దూరపుదో కంటిచూపుతో చెప్పలేము. పడవలో ఉన్నది చిన్న దీపమని, స్తంభం మీద ఉన్నది పెద్ద దీపమని ముందుగా తెలిస్తే మాత్రం దూరాన్ని అంచనా వేయవచ్చు. నక్షత్రాల విషయంలోనూ ఇదే చిక్కు. మనకు కనిపించే ప్రకాశం వేరు, నక్షత్రానికి సహజంగా ఉండే నిజప్రకాశం వేరు. నిజప్రకాశం తెలిస్తే దూరం తెలుస్తుంది. ఆ నిజప్రకాశాన్ని తెలుసుకొనేదెట్లా?

నక్షత్రకాంతిని పట్టకం వంటి సాధనం గుండా పంపితే అది ఇంద్రధనుస్సువలె రంగులుగా విడిపోతుంది. దీనిని వర్ణపటం అంటారు. ఈ రంగుల నడుమ అక్కడక్కడ నల్లని గీతలు కనిపిస్తాయి. ఒక్కొక్క మూలకం తనకు మాత్రమే చెందిన కొన్ని గీతలను ఏర్పరుస్తుంది. ఊదారంగు భాగంలో కాల్షియం వల్ల ఏర్పడే ఒక వెడల్పైన నల్లని గీతకు శాస్త్రజ్ఞులు ‘కె’ గీత అని పేరు పెట్టారు. సూర్యుడు, అతనికంటె చల్లనైన నక్షత్రాలు మొదలైన వాటిలో ఈ నల్లని గీత నడిమధ్యన సన్నని వెలుగు గీత ఒకటి ఉంటుంది. విల్సన్, బప్పు ఇద్దరూ అనేక నక్షత్రాల వర్ణపటాలలో ఆ వెలుగు గీత వెడల్పును కొలిచారు. నక్షత్రపు నిజప్రకాశం ఎంత ఎక్కువైతే ఆ గీత అంత వెడల్పుగా ఉంటున్నదని వారు గుర్తించారు. మందకాంతి గల చిన్న నక్షత్రం మొదలుకొని మహాకాంతి గల రాక్షస నక్షత్రం వరకు ఈ నియమం చెల్లింది. 1957లో ఈ ఫలితం వెలువడింది. దీనిని విల్సన్-బప్పు ప్రభావం అంటారు.

ఒక వెలుగు గీత వెడల్పును కొలిచి, నక్షత్రం నిజప్రకాశాన్ని, తద్ద్వారా దాని దూరాన్ని తెలుసుకొనే మార్గం దీనివల్ల ఏర్పడింది. మన పంచాంగాలలో నిత్యం వినిపించే రోహిణి, స్వాతి, జ్యేష్ఠ నక్షత్రాలలోని ప్రధాన తారలు ఈ చల్లని నక్షత్రాల కోవకు చెందినవే. ముహూర్తం కోసం మన పూర్వులు స్మరించిన తారల దూరాన్ని కొలవడానికి మన దేశస్థుడొకడు కొలబద్ద సమకూర్చాడన్నమాట.

ముప్పై ఏళ్లయినా నిండకముందే ఇంతటి కీర్తి సంపాదించిన యువకునికి అమెరికాలో లోటేమీ లేదు. ప్రపంచంలోకెల్లా గొప్ప దూరదర్శినులు అక్కడ ఉన్నాయి. సహాధ్యాయులు, ఆచార్యులు అక్కడ ఉన్నారు. స్వదేశంలోనో, అప్పటికి పెద్దవనుకొన్న దూరదర్శినులు కూడ 20 అంగుళాల స్థాయిని మించలేదు. పాలోమార్ దూరదర్శినితో పోలిస్తే అద్దం అడ్డుకొలత పదో వంతు. అద్దం వైశాల్యాన్ని బట్టి చూస్తే అది పోగుచేయగల కాంతి నూరో వంతు. అంటే బప్పు స్వదేశానికి తిరిగి రావడమంటే తన చూపును తానే నూరింతలు తగ్గించుకోవడం. ఈ సంగతి ఆయనకు తెలియనిది కాదు. అయినా 1953లో ఆయన భారతదేశానికి తిరిగి వచ్చాడు. పెద్ద దూరదర్శిని లేని చోట దానిని నిర్మించాలే గాని, ఉన్న చోటును వెదకుకొంటూ పోవడం ఆయన స్వభావం కాదు.

1954లో ఆయన ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కాశీలో నెలకొల్పిన వేధశాలలో ప్రధాన ఖగోళ శాస్త్రజ్ఞునిగా చేరాడు. మైదాన ప్రాంతపు ధూళి, నగర దీపాల వెలుగు పరిశీలనకు ఆటంకాలు. అందుచేత ఆ వేధశాలను హిమాలయ సానువులలోని నైనిటాల్‌కు తరలించారు. అక్కడి మనోరా శిఖరం మీద దానికి శాశ్వత స్థానం ఏర్పడడంలో బప్పు కృషి ప్రధానమైనది. అది నేడు ఆర్యభట పరిశోధన సంస్థగా ప్రసిద్ధి చెందింది.

1960లో బప్పు తమిళనాడులోని కొడైకెనాల్ వేధశాలకు సంచాలకుడయ్యాడు. అప్పటికి ఆయన వయసు ముప్పై మూడేళ్లు మించలేదు. ఆ వేధశాల 1899లో ఏర్పడింది. దాని మూలాలు మద్రాసు వేధశాలలో ఉన్నాయి. సూర్యుని మచ్చలలో వాయువులు వెలుపలికి ప్రవహిస్తున్న తీరును ఎవర్షెడ్ 1909లో కనుగొన్నది అక్కడే. అంతటి చరిత్ర ఉన్నా, బప్పు వచ్చేనాటికి ఆ సంస్థకు నూతన పరికరాలు, నూతన పరిశోధకులు ఎంతో అవసరమై ఉన్నారు. ఆయన తొలుత కర్మాగారాన్ని పటిష్ఠం చేశాడు. అద్దాలను అరగదీయడం, లోహభాగాలను మలచడం, విద్యుత్ పరికరాలను కూర్చడం వంటి పనులన్నీ వేధశాలలోనే జరగాలని పట్టుపట్టాడు. యువ శాస్త్రజ్ఞులను ఎంపిక చేసి శిక్షణ ఇచ్చాడు. పరికరాన్ని తన చేతితో విప్పి బిగించలేని పరిశీలకుడు సగం పరిశీలకుడే అన్నది ఆయన ఆచరించి చూపిన సిద్ధాంతం.

కొడైకెనాల్‌లో ఆయన దృష్టి మరల ‘కె’ గీత మీదికి మళ్లింది. దూరపు నక్షత్రంలో ఆ వెలుగు గీత ఎక్కడ పుడుతున్నదో చూడడం సాధ్యం కాదు, ఏ దూరదర్శినిలోనైనా నక్షత్రం చుక్కగానే కనిపిస్తుంది. సూర్యుడు మాత్రం మనకు దగ్గరి నక్షత్రం. అతని బింబాన్ని భాగాలుగా విడదీసి చూడవచ్చు. బప్పు తన సహచరుడు కె.ఆర్.శివరామన్‌తో కలిసి సూర్యుని ఉపరితలం మీది సూక్ష్మమైన కాంతి బిందువులను పరిశీలించాడు. సూర్యునిలో ఈ ‘కె’ వెలుగుకు ఆ బిందువులే ప్రధాన కారణమని 1971లో వారు వెల్లడించారు. యౌవనంలో దూరపు తారలలో చూసిన రహస్యానికి నడివయసులో సమీపపు సూర్యునిలో ఆయన ఆధారం వెదకడం విశేషం.

ఆ 1971వ సంవత్సరంలోనే కొడైకెనాల్ వేధశాల స్వయంప్రతిపత్తి గల భారతీయ ఖగోళ భౌతిక శాస్త్ర సంస్థగా మారింది. బప్పు దానికి తొలి సంచాలకుడు. తరువాత సంస్థ ప్రధాన కార్యాలయం బెంగళూరుకు మారింది. మరుసటి ఏడు 1972లో ఏర్పడిన భారత ఖగోళ సమాజపు సంస్థాపకులలోనూ ఆయన ముఖ్యుడు.

కొడైకెనాల్ సూర్యపరిశీలనకు అనుకూలమైనదే గాని, రాత్రిపూట ఆకాశ పరిశీలనకు అంత అనువైనది కాదు. మబ్బులు ఎక్కువ. అందుచేత బప్పు దక్షిణ భారతంలో మంచి ఆకాశం గల చోటు కోసం అన్వేషించాడు. చివరకు చిత్తూరు సరిహద్దులకు దక్షిణంగా, వాణియంబాడి దాటిన తరువాత వచ్చే జవ్వాది కొండలలో కావలూరు అనే పల్లెను ఎంచుకొన్నాడు. చందన వృక్షాలకు పేరెన్నికగన్న అడవి అది. సముద్రమట్టానికి ఎత్తు సుమారు 725 మీటర్లు. నగర దీపాలు దూరం. పైగా భూమధ్యరేఖకు దగ్గరగా, పన్నెండున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండడం వల్ల ఉత్తరాకాశంతో పాటు దక్షిణాకాశంలోనూ చాలా భాగం అక్కడినుంచి కనిపిస్తుంది. కుప్పం, పలమనేరు ప్రాంతాల విద్యార్థులు తలపైన చూసే ఆకాశమే కావలూరు దూరదర్శినులు చూసే ఆకాశం.

1968లో అక్కడ తొలి దూరదర్శిని పని ప్రారంభించింది. దాని అద్దం అడ్డుకొలత 38 సెంటీమీటర్లు మాత్రమే. కాని అది కొడైకెనాల్ కర్మాగారంలో మన పనివారు స్వయంగా తయారుచేసినది. 1972లో జర్మనీ నుంచి తెప్పించిన 102 సెంటీమీటర్ల దూరదర్శిని అక్కడ నెలకొన్నది. ఆ సంవత్సరం జూన్‌లోనే బృహస్పతి ఉపగ్రహమైన గనిమీడ్ ఒక నక్షత్రాన్ని మరుగుపరచిన సంఘటనను కావలూరులో పరిశీలించారు. గనిమీడ్ చుట్టూ పలుచని వాతావరణం ఉండవచ్చుననే సూచన ఆ పరిశీలనలలో లభించింది. 1977 మార్చి 10వ తేదీన యురేనస్ గ్రహం ఒక నక్షత్రానికి అడ్డువచ్చింది. గ్రహబింబం నక్షత్రాన్ని సమీపించకముందే నక్షత్రకాంతి ఒక్కసారిగా తగ్గి మరల పెరగడాన్ని కావలూరు శాస్త్రజ్ఞులు నమోదు చేశారు. అదే రాత్రి ఇతర దేశాల శాస్త్రజ్ఞులూ అటువంటి మార్పులనే గమనించారు. యురేనస్ చుట్టూ వలయాలు ఉన్నాయన్న ఆవిష్కరణకు ఆ పరిశీలనలే ఆధారం. అడవి నడుమ పల్లెలో నెలకొన్న ఆ వేధశాల ఈ విధంగా ప్రపంచ పటంలో స్థానం సంపాదించింది.

బప్పు స్వప్నం అంతటితో ఆగలేదు. 93 అంగుళాల, అంటే 2.34 మీటర్ల అద్దం గల దూరదర్శినిని పూర్తిగా స్వదేశంలోనే రూపొందించి నిర్మించాలని ఆయన సంకల్పించాడు. ధనం వెచ్చిస్తే అటువంటిదానిని విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు. తొందరగా పని పూర్తవుతుంది. కాని చేసే విద్య మన చేతికి రాదు. గాజు దిమ్మెను మాత్రం విదేశం నుంచి తెప్పించి, దానిని అరగదీసి మెరుగుపెట్టే పనిని సంస్థలోనే ఎ.పి.జయరాజన్ నేతృత్వంలో చేపట్టారు. అద్దం ఉపరితలం వెంట్రుక మందంలో వందో వంతు తేడా వచ్చినా నక్షత్ర బింబం చెదిరిపోతుంది. అంతటి నిశితమైన పని అది. భారీ యంత్రభాగాల నిర్మాణాన్ని భారతీయ కర్మాగారానికే అప్పగించారు. తలపెట్టిన పని పూర్తికావడానికి పది సంవత్సరాల దాకా పట్టింది. గంగను భూమికి దించడానికి భగీరథుడు తపించినట్లే, తారల వెలుగును ఈ నేలకు దించడానికి బప్పు తపించాడు.

ఈలోగా గౌరవాలు ఆయనను వెదకుకొంటూ వచ్చాయి. 1970లో శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం, 1981లో పద్మభూషణ్ ఆయనకు లభించాయి. అంతర్జాతీయ ఖగోళ సమాఖ్యకు ఉపాధ్యక్షునిగా పనిచేసి, 1979లో అధ్యక్షునిగా ఎన్నికయ్యాడు. ఆ పదవిని అధిష్ఠించిన తొలి భారతీయుడు ఆయనే.

1982 ఆగస్టులో ఆ సమాఖ్య మహాసభ గ్రీసు దేశంలోని పాత్రాస్ నగరంలో జరిగింది. అధ్యక్షస్థానంలో కూర్చుండవలసిన బప్పు అక్కడికి చేరలేకపోయాడు. హృద్రోగానికి శస్త్రచికిత్స చేయించుకొని జర్మనీలోని మ్యూనిచ్ నగరంలో ఆసుపత్రిలో ఉన్నాడు. మహాసభ సాగుతుండగానే ఆగస్టు 19వ తేదీన ఆయన అక్కడ తుదిశ్వాస విడిచాడు. యాభై అయిదేళ్లు నిండి తొమ్మిది రోజులే అయింది. 93 అంగుళాల దూరదర్శిని అప్పటికింకా పూర్తి కాలేదు. ఎవరి కంటికోసం ఆ అద్దాన్ని మెరుగుపెడుతున్నారో, ఆ కన్ను దానిలో ఒక్క తారనైనా చూడకుండానే మూతపడింది.

అయితే బప్పు తయారుచేసింది దూరదర్శినిని మాత్రమే కాదు, దానిని పూర్తిచేయగల మనుషులను కూడ తయారుచేశాడు. ఆయన తరువాత సంచాలకుడైన జె.సి.భట్టాచార్య, సహచరులు ఆ పనిని కొనసాగించారు. 1985లో ఆ దూరదర్శిని తొలిసారిగా తారాకాంతిని గ్రహించింది. 1986 జనవరి 6వ తేదీన అప్పటి ప్రధానమంత్రి రాజీవ్ గాంధీ దానిని జాతికి అంకితం చేశారు. దూరదర్శినికీ, కావలూరు వేధశాలకూ కూడ వైనూ బప్పు పేరే పెట్టారు. భారతదేశంలో అంతవరకు నిర్మించిన దూరదర్శినులన్నిటిలో అదే పెద్దది. 2016లో నైనిటాల్ సమీపంలోని దేవస్థల్‌లో 3.6 మీటర్ల దూరదర్శిని వచ్చేవరకు ఆ స్థానం దానిదే.

1988 ఫిబ్రవరిలో కావలూరు శాస్త్రజ్ఞులు ఒక కొత్త గ్రహశకలాన్ని కనుగొన్నారు. దానికి గణితమేధావి రామానుజన్ పేరు పెట్టారు. బప్పు పేరుతోనూ ఒక గ్రహశకలం సూర్యుని చుట్టూ పరిభ్రమిస్తున్నది. ఏకైక పుత్రుని కోల్పోయిన తల్లి సునన్న ఇచ్చిన నిధితో భారత జాతీయ విజ్ఞాన అకాడమీ బప్పు స్మారక పురస్కారాన్ని ఏర్పాటు చేసింది. పుత్రశోకాన్ని దిగమింగి, పరాయి బిడ్డల పరిశోధనకు చేయూతనిచ్చిన ఆ మాతృమూర్తి ఔదార్యం కూడ స్మరణీయమే.

బప్పు జీవితం నుంచి విద్యార్థులు గ్రహించవలసినవి రెండు విషయాలు. మొదటిది, పని మీద శ్రద్ధ. గాజు ఫలకం మీది చిన్న చారలో తోకచుక్క, సన్నని గీత వెడల్పులో నక్షత్ర దూరం దొరికాయి. ఎదుట ఉన్న చిన్న విషయాన్ని నిర్లక్ష్యం చేయనివానికే పెద్ద సత్యం సాక్షాత్కరిస్తుంది. రెండవది, ఫలాపేక్ష లేని నిర్మాణం. తాను చూడని ఫలాల కోసం చెట్టు నాటే రైతువలె ఆయన రానున్న తరాల కోసం దూరదర్శినిని, సంస్థను, శిష్యులను నిలిపి వెళ్లాడు.

శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1 2024 జనవరి 6వ తేదీన తన గమ్యస్థానానికి చేరుకొన్నది. కావలూరు దూరదర్శినికి బప్పు పేరు పెట్టి ఆనాటికి సరిగా ముప్పై ఎనిమిది సంవత్సరాలు. కొడైకెనాల్ కొండ మీద ఆయన సూర్యబింబాన్ని బిందువు బిందువుగా పరిశీలించాడు. ఆయన తీర్చిదిద్దిన సంస్థ రూపొందించిన పరికరం అదే సూర్యునికి అభిముఖంగా అంతరిక్షంలో నిలిచింది. పులికాట్ గట్టున నిలబడి మరొక నిప్పుల రథం పైకి లేవడాన్ని చూసే విద్యార్థి, దాని వెనుక ఉన్న తరతరాల చేతిపనిని కూడ స్మరించాలి. మన ఆకాశాన్ని మన కంటితో చూడాలన్న బప్పు సంకల్పం ఆ చేతిపనిలో సజీవంగా ఉన్నది.

కఠిన పదాలకు అర్థాలు

వేధశాల = గ్రహనక్షత్రాలను పరిశీలించే స్థలం
చరతార = కాంతి పెరుగుతూ తరుగుతూ ఉండే నక్షత్రం
ప్రభామండలం = సూర్యబింబం చుట్టూ వ్యాపించి ఉండే వెలుగు
వర్ణపటం = కాంతి రంగులుగా విడిపోగా ఏర్పడే పట్టీ
సానువు = కొండచరియ
అభిముఖం = ఎదురుగా ఉన్నది

ప్రశ్నలు

1. నిజామియా వేధశాల విశిష్టతను వివరించండి.
2. విల్సన్-బప్పు ప్రభావాన్ని పాఠంలోని దీపాల ఉదాహరణతో సమన్వయించండి.
3. బప్పు స్వదేశానికి తిరిగి రావడంలోని త్యాగాన్ని విశ్లేషించండి.
4. దూరదర్శినిని దిగుమతి చేసుకోవడం కంటె స్వయంగా నిర్మించుకోవడం మేలని బప్పు ఎందుకు భావించాడు? మీ అభిప్రాయం రాయండి.